నేను అడగనివ్వని షాపు

ముప్పై నాలుగేళ్లు విడాకుల కేసులు చేసి, ఈమధ్యనే నల్లకోటు బీరువాలో పెట్టేశాను. ఫ్యామిలీ కోర్టు వైపు కొత్తగా వస్తున్న లాయర్లు అప్పుడప్పుడు ఇంటికి వస్తుంటారు. సెక్షన్లు చదువుకున్నామండీ, సెటిల్‌మెంట్ ఎలా మాట్లాడాలో చెప్పండి అంటారు. ఆ మాటకు నా ఛాతీ కాస్త పొంగుతుంది. కాఫీ అయ్యేలోపు వాళ్లలో ఎవరో ఒకరు, నిన్ననే రాజ్యలక్ష్మి గారిని కూడా కలిశామండీ, ఎంత బాగా చెప్పారో అంటారు. పొంగిన ఛాతీ యథాస్థానానికి వచ్చేస్తుంది.

ఆవిడ ఏం చెప్పి ఉంటారో నాకు తెలుసు. ఏం చెప్పి ఉండరో కూడా తెలుసు. నాగమణి కేసులో నేను చేసిన తప్పు ఆవిడ ఇన్నేళ్లలో బార్ రూమ్‌లో ఒక్కరి చెవిన వేయలేదు. అదీ నాకు కంటగింపే. ఆ తప్పు ఆవిడ చేసి ఉంటే నేను మధ్యాహ్నం భోజనాల వేళకే అందరికీ చెప్పి ఉండేవాణ్ణి. ఆవిడ చెప్పరు కాబట్టి నేనే రాస్తున్నాను.

కొట్టులో నేర్చుకున్నది

మా నాన్నది విజయవాడ వన్ టౌన్‌లో బట్టల కొట్టు. ఇటు స్టీలు సామాన్ల కొట్టు, అటు గాజుల కొట్టు. ఆ మూడు కొట్ల అరుగుల మీదే పెరిగాను. వచ్చినామె ఏ చీర వైపు రెండోసారి చూసిందో మా నాన్న ఇట్టే కనిపెట్టేవాడు. ఆ క్షణమే ఆ చీర ధర పెరిగిపోయేది. మా అమ్మ గిన్నెలు కొనడానికి వెళ్తే దీన్ని తిరగేసేది. కావలసిన గిన్నె వైపు కన్నెత్తి చూసేది కాదు. అక్కర్లేని నాలుగు గిన్నెలు బేరమాడి, విసుగు నటించి, గుమ్మం దాకా వచ్చి, పోనీ ఆ మూలది ఎంత అని అడిగేది. ఈ విద్య ఒకరి మీద ఒకరు ప్రయోగించుకోకుండా వాళ్లిద్దరూ నలభై ఏళ్లు ఎలా కాపురం చేశారో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

లాయరునయ్యాక ఈ సరంజామా అంతా కోర్టుకు మోసుకొచ్చాను. ముందు ఎక్కువ చెప్పడం, మెల్లగా దిగడం, మధ్యలో ఫైలు కట్టేసి లేచి వెళ్లిపోతున్నట్టు కుర్చీ జరపడం, అన్నీ చేశాను. చాలాసార్లు పనిచేసింది. పనిచేస్తున్నంత కాలం, ఇది ఎక్కడ పనిచేయదో చూద్దామని ఎవరికీ అనిపించదు. నాకూ అనిపించలేదు.

రాజ్యలక్ష్మి గారు

మేమిద్దరం ఒకే సీనియర్ దగ్గర పని నేర్చుకున్నాం. ఆవిడ లెక్కల మాస్టారి కూతురు. నా తర్వాత రెండేళ్లకు ఆఫీసులో చేరారు. ఆర్నెల్లు తిరక్కుండా మా సీనియర్ గారు కక్షిదారులను ముందు ఆవిడ టేబుల్ దగ్గర కూర్చోబెట్టడం మొదలుపెట్టారు. నేను ఉండబట్టలేక కారణం అడిగాను.

"నువ్వు వాళ్లకి ఎంత వస్తుందో చెప్తావు ప్రసాదూ. ఆ అమ్మాయి వాళ్లకి ఏం కావాలో అడుగుతుంది" అన్నారాయన.

దీన్ని పొగడ్తగా తీసుకుందామని రెండు రోజులు ప్రయత్నించాను. కుదరలేదు.

ఆవిడ బేరమాడేవారు కాదు. ఒక అంకె చెప్పి, కళ్లజోడు తుడుచుకుంటూ కూర్చునేవారు. ఎదుటివాళ్లు ఎంతసేపు మాట్లాడినా ఆ అంకె కదిలేది కాదు. పెంచడానికి కారణం చూపిస్తే మాత్రం వెంటనే పెంచేవారు, తగ్గించడానికి కారణం చూపిస్తే వెంటనే తగ్గించేవారు. కొట్టులో పుట్టినవాడికి ఇది చూడలేని దృశ్యం. పైగా ఆవిడ రాయించిన ఒప్పందాలు మళ్లీ కోర్టు గుమ్మం ఎక్కేవి కావు. నావి ఎక్కేవి. డబ్బు కట్టలేదనో, ఇల్లు ఖాళీ చేయలేదనో ఏడాది తిరక్కుండా మళ్లీ పిటిషన్ వేయాల్సి వచ్చేది.

నా డైరీలో వెనక పేజీల్లో ఆవిడ చేసిన సెటిల్‌మెంట్ల మొత్తాలు రాసుకునేవాణ్ణి. అడిగి తెలుసుకునే ధైర్యం లేక గుమస్తాలకు టీలు తాగించి రాబట్టేవాణ్ణి. పక్కనే నా మొత్తాలు. ఈ పని ఎవరికైనా చెప్పుకోదగ్గది కాదని తెలుసు. అయినా పాతికేళ్లు చేశాను.

రెండో గంటలో కాగితం తీయండి

కథలోకి వెళ్లేముందు పనికొచ్చే మాటలు నాలుగు చెప్తాను. ఇవి ఆవిడా చెప్పే ఉంటారు, కానీ నేను డబ్బు పోగొట్టి నేర్చుకున్నాను కాబట్టి నావి కాస్త ఖరీదైనవి.

కక్షిదారు వచ్చిన మొదటి గంట అత్తగారి మాటలు, ఆడపడుచు మాటలు, పెళ్లి ఫొటోల్లో ఎవరు మొహం ముడుచుకున్నారో, అన్నీ వినాలి. రెండో గంటలో కాగితం తీయాలి. ఇల్లు ఎవరి పేరున ఉంది, ఇంటి అప్పు ఎవరి పేరున ఉంది, లాకరు ఎవరి సంతకంతో తెరుచుకుంటుంది, బీమాలో, పీఎఫ్‌లో నామినీ ఎవరు, ఎవరి మీద ఎవరు ఏ కేసు పెట్టారు, ఇవన్నీ రాయించాలి. పుట్టింటివాళ్లు పెట్టిన బంగారం, పసుపు కుంకుమ కింద ఆమె పేరున రాసిన పొలం ఆమె సొంతం. వాటిని సెటిల్‌మెంట్ మొత్తంలో కలిపి, ఇంత ఇచ్చాం అని చూపిస్తారు. ఒప్పుకోకండి. పిల్లలుంటే వాళ్ల పోషణ విడిగా రాయండి. తల్లి అలిగి, నాకేమీ వద్దు అన్నా, పిల్లల హక్కు ఆ అలకతో పోదు. డబ్బు ఒక్కసారి తీసుకోవడానికీ, నెలనెలా తీసుకోవడానికీ పన్ను లెక్క ఒకేలా ఉండదు. సంతకానికి ముందు ఒక ఆడిటర్‌కు చూపించండి, తర్వాత కాదు.

అప్పు సంగతి నాకు నేర్పింది గుడివాడ కాలేజీ లెక్చరర్ ఒకామె. ఫ్లాట్ ఆమెకు, మిగిలిన బ్యాంకు వాయిదాలు భర్త కట్టాలి అని రాయించి, గెలిచినట్టు ఇంటికి పంపాను. అప్పులో ఆమె కూడా సంతకం చేసి ఉందన్న సంగతి పట్టించుకోలేదు. ఏడాది తర్వాత అతను కట్టడం మానేశాడు. నోటీసు ఆమెకు వచ్చింది. మేనేజరు దగ్గరికి ఒప్పందం కాపీ పట్టుకెళ్తే, మీరిద్దరూ రాసుకున్న కాగితంతో మాకేం పని అమ్మా అన్నాడట. అతని మాటలో తప్పు లేదు. అప్పు తీరినట్టో, పేరు తీసేసినట్టో బ్యాంకు కాగితం చేతికొచ్చేదాకా ఆఖరి సంతకం పెట్టించకూడదు. అలాగే, ఇల్లు ఇస్తున్నాను అని రాసినంతలో ఇల్లు మారదు. రిజిస్ట్రేషన్ ఎప్పుడు, ఖర్చు ఎవరిది అన్నది కూడా రాయాలి.

ఇంకొకటి. మీ దగ్గరికి వచ్చే ప్రతి కక్షిదారు వెనక ఒక బంధువు కూర్చుంటాడు. మా తోడల్లుడి చెల్లెలికి అరవై లక్షలు వచ్చాయి కదండీ, మాకు నలభై ఏంటండీ అంటాడు. ఆ అరవై ఎవరూ కళ్లతో చూసి ఉండరు. అందులో సగం చెక్కు బౌన్స్ అయి ఉండొచ్చు. అయినా ఆ అంకె గదిలో కూర్చుని కాఫీ తాగుతూ ఉంటుంది. పక్కవాళ్ల అంకెను బయటికి పంపేదాకా మీ పని మొదలవదు. నేను ఈ సలహా వందమందికి ఇచ్చాను. నా డైరీ వెనక పేజీలు మాత్రం అలాగే ఉంచుకున్నాను.

నాగమణి

నాగమణిది పామర్రు దగ్గర రైతు కుటుంబం. ఇంటర్ చదివి పెళ్లయి ఆటోనగర్ వచ్చింది. భర్త కోటేశ్వరరావుకు అక్కడ లారీ స్పేర్ పార్టుల షాపు. మొదట్లో అతనికి క్యారేజీ తెచ్చి కాసేపు కూర్చునేది. పన్నెండేళ్లలో ఆ కౌంటర్ ఆమెదైపోయింది. మెకానిక్ ఫోన్ చేసి, మణక్కా, గేరు మారుస్తుంటే ఇలా గీరినట్టు చప్పుడొస్తోంది అంటే, ఏ పార్టు పోయిందో, ఏ కంపెనీది వేస్తే నిలుస్తుందో చెప్పేది. బోర్డు మీద భర్త పేరు. బయట అందరూ మణక్క షాపు అనేవాళ్లు.

వాళ్లు విడిపోవడానికి కారణం అదే. కొట్టుకోలేదు, తాగుడు లేదు. ఆమె లేనప్పుడు అతను కౌంటర్లో ఉంటే వచ్చినవాళ్లు, అక్క లేదా, అయితే సాయంత్రం వస్తాలే అని వెనక్కి వెళ్లేవాళ్లు. ఇలా ఏళ్ల తరబడి జరిగింది. అతను ముందు ఆమెను షాపుకు రావద్దన్నాడు. తర్వాత ఇంట్లో మాట్లాడటం మానేశాడు. ఆమె అన్నగారింటికి వెళ్లిపోయి ఏడాది దాటింది. పిల్లలు లేరు. ఇద్దరూ పరస్పర అంగీకారంతో విడిపోదామనుకున్నారు. అతని తరఫు లాయరు రాజ్యలక్ష్మి గారు.

నాగమణి నా గదిలో కూర్చుని చెప్పిన మొదటి మాట ఇది. "నాకు షాపు కావాలండి. డబ్బులు ఎంత తక్కువైనా పర్లేదు. ఇంట్లో కూర్చోలేనండి నేను."

నేను లేచి వెళ్లి తలుపు వేశాను. కౌంటర్ మీద చీర పరిచి ఉండగా, అదే కావాలి అని అరిచిన గిరాకీని చూసినట్టయింది నాకు.

"ఈ మాట ఈ గది దాటకూడదమ్మా. నీకు షాపు కావాలని తెలిస్తే అతను ప్రాణం పోయినా వదలడు. అసలే కుళ్లుబోతు మనిషి. మనం ఇల్లు అడుగుదాం, తొంభై లక్షలు అడుగుదాం. వాళ్లు ఉక్కిరిబిక్కిరయ్యాక, పోనీ ఆ షాపు ఇచ్చెయ్యండి అని ఆఖర్న అందాం" అన్నాను.

"ఎలాగైనా షాపు వస్తుంది కదండీ" అని అడిగింది.

వస్తుందన్నాను. మా అమ్మకు ఇలాగే ఎన్ని గిన్నెలు రాలేదు?

నీకేం కావాలమ్మా

మీడియేషన్ మొదటి రోజు నేను తొంభై లక్షలతో మొదలుపెట్టాను. కోటేశ్వరరావు మొహంలో రక్తం లేదు. రాజ్యలక్ష్మి గారు నా అంకె రాసుకోలేదు కూడా. కళ్లజోడు తీసి, నా పక్కనున్న మనిషిని చూశారు.

"నాగమణీ, నీకేం కావాలమ్మా?"

నాగమణి నా వైపు చూసింది. ఆ చూపులో అడగడం ఉంది, చెప్పేయనా అని. ఒక్క తల ఊపితే సరిపోయేది. కానీ ఆ ప్రశ్న రాజ్యలక్ష్మి గారిది. పాతికేళ్ల క్రితం నా కక్షిదారులను ఆవిడ టేబుల్ దగ్గరికి పంపించిన ప్రశ్న. అది నా కళ్ల ముందు, నా కేసులో, మళ్లీ గెలవబోతోంది. గెలవనివ్వలేదు.

"మా పార్టీ తరఫున నేను చెప్తున్నాను కదండీ" అన్నాను.

"సరే" అని ఆవిడ కళ్లజోడు పెట్టుకున్నారు.

మూడు వాయిదాలు గడిచాయి. నాలుగో వాయిదాలో షాపు మాట ఎత్తుదామని అంతా సిద్ధం చేసుకుని వెళ్లాను. అలసిపోయినట్టు కూర్చోవడం కూడా ముందే అనుకుని వెళ్లాను. నేను నోరు తెరిచేలోపు రాజ్యలక్ష్మి గారు, మా క్లయింటు డెబ్బై లక్షలు ఇస్తాడు, ఇల్లు, అప్పు అతనివే, ఆమె బంగారం ఆమెకు విడిగా, దీంతో అన్నీ సరి అన్నారు.

డెబ్బై. నా డైరీలో ఆవిడ ఎవరికైనా ఇప్పించిన పెద్ద మొత్తం అరవై అయిదు. ఆవిడ క్లయింటు ఇవ్వాల్సి వచ్చిన పెద్ద మొత్తం నలభై. ఆ రెండూ ఒక్క దెబ్బకు దాటిపోతాను. ఆవిడ చేతులతోనే. ఎలా చెప్పను, ఆ అంకె చూస్తుంటే ఆ గదిలో నాగమణి ఉన్నట్టే లేదు నాకు.

ఆమె నా చెయ్యి మెల్లగా తట్టి, "షాపండీ" అంది.

"డబ్బుంటే అలాంటి షాపులు రెండు వస్తాయమ్మా. ఇది మళ్లీ రాదు" అని గొణిగాను.

ఆమె సంతకం పెట్టింది. మొదటి పిటిషన్ వేశాం. సగం డబ్బు డీడీ చేతికొచ్చింది, మిగతా సగం ఆరు నెలల తర్వాత రెండో హాజరు రోజున. మధ్యాహ్నం బార్ రూమ్‌లో అందరికీ స్వీట్లు తెప్పించాను. రాజ్యలక్ష్మి గారు కూడా ఒకటి తీసుకుని, బావుంది అన్నారు. స్వీటు గురించో సెటిల్‌మెంట్ గురించో తేలక ఆ రోజంతా బాధపడ్డాను.

డబ్బు ఎక్కడి నుంచి వస్తోంది

నాలుగు నెలల తర్వాత నాగమణి వచ్చింది. ఏడవలేదు. అంతకు ముందు రోజు ఆటోనగర్ వెళ్లిందట. షాపులో ఎవరో టేపు పట్టుకుని గోడలు కొలుస్తున్నారట. కోటేశ్వరరావు షాపును పక్క లైన్లోని టైర్ల వ్యాపారికి అమ్మేస్తున్నాడు. అడ్వాన్సు కూడా తీసుకున్నాడు. మనకు రావలసిన మిగతా ముప్పై అయిదు లక్షలు కట్టాలి కదా.

ఆ డబ్బు ఎక్కడి నుంచి వస్తుందని నేను ఒక్కసారి కూడా అడగలేదు. నేను గుంజిన డెబ్బై కోసం ఆమె అడిగిన షాపు పోతోంది. ఇది రాసిపెట్టుకోండి. ఎదుటివాళ్లు పెద్ద మొత్తానికి సులువుగా ఒప్పుకుంటే, సంబరపడే ముందు ఏం అమ్మి తెస్తారో కనుక్కోండి. వాళ్లు అమ్మేది మీ కక్షిదారుకు కావలసిందే కావచ్చు.

రెండు షాపులు వస్తాయన్న నా మాట నమ్మి ఆమె అద్దెకు షట్టర్లు చూసి వచ్చిందట. షట్టర్ దొరుకుతుంది. పాత మోడల్ లారీల పార్టులు, పన్నెండేళ్లుగా ఒక్కొక్కటే ఏరి పెట్టుకున్న సరుకు, దొరకదు. "మెకానిక్కులంతా షాపు ఫోన్‌కే చేస్తారండి. ఆ నంబరు ఎత్తేవాడు ఇప్పుడు టైర్లు అమ్ముతాడు. నేనెక్కడున్నానో వాళ్లకెలా తెలుస్తుంది?" అంది. తర్వాత, "ఇంకా మార్చుకోవచ్చాండీ?" అని అడిగింది.

చట్టం ప్రకారం మార్చుకోవచ్చు. అంగీకార విడాకుల్లో రెండోసారి కోర్టు ముందు నిలబడి ఔనని చెప్పేదాకా ఇద్దరిలో ఎవరైనా వెనక్కి తగ్గొచ్చు. కానీ వెనక్కి తగ్గితే ఒప్పందం మొత్తం పోతుంది. ఆపైన ఏళ్ల తరబడి కేసు. ఈలోపు షాపు అమ్ముడుపోతుంది. రెండో దారి ఒక్కటే. ఎదుటి లాయరు దగ్గరికి వెళ్లి, నేను తప్పు చేశాను, మార్చుకుందాం అని అడగడం.

మూడు రోజులు వెళ్లలేదు. పనులున్నాయని నాకు నేనే చెప్పుకున్నాను. నాలుగో రోజు నాగమణి ఫోన్ చేసి, టైర్ల ఆయన వచ్చేవారం రిజిస్ట్రేషన్ అంటున్నాడండీ అంది. ఆ సాయంత్రం బెంజ్ సర్కిల్ దగ్గర రాజ్యలక్ష్మి గారి ఆఫీసు మెట్లెక్కాను. అన్నేళ్లలో అదే మొదటిసారి. వెయిటింగ్ హాల్లో పదకొండు మంది ఉన్నారు. లెక్కపెట్టాను.

ఆవిడ గదిలో

నేను చెప్పినదంతా ఆవిడ అడ్డురాకుండా విన్నారు. నేను కాస్త మెలికలు తిప్పి, క్లయింటు మనసు మార్చుకుందండీ అని మొదలుపెట్టాను.

"మార్చుకోలేదు ప్రసాద్ గారూ. మొదటి రోజు నేను అడిగితే ఆ అమ్మాయి మీ మొహం చూసింది. చెప్పనిచ్చి ఉంటే అయిపోయేది."

"అతను ఇచ్చేవాడు కాదండీ. ఆ షాపంటే అతనికి ఎంత కుళ్లో మీకు తెలియదా?"

"కుళ్లు కాబట్టే ఇచ్చేవాడు. గల్లా దగ్గర కూర్చుంటే వచ్చిన ప్రతివాడూ ఆ అమ్మాయి కోసం అడుగుతాడు. ఏ మనిషి కూర్చోగలడండీ అక్కడ? గన్నవరం వైపు వెళ్లిపోయి వేరే వ్యాపారం పెట్టుకుంటానని నా ప్రాణం తీస్తున్నాడు."

అసూయపడేవాడు పట్టుకుని వేలాడతాడని లెక్కవేశాను. అసూయపడేవాడికి కావలసింది కళ్ల ముందు నుంచి తప్పుకోవడం. ఇది ఎవరూ నాకు చెప్పనక్కర్లేదు. రాజ్యలక్ష్మి గారి కేసు నడుస్తుంటే ఆ కోర్టు హాల్లో కూర్చోలేక వరండాలో నిలబడినవాణ్ణి నేను. కోటేశ్వరరావును నాకంటే బాగా అర్థం చేసుకోవలసినవాడు ఈ ఊళ్లో లేడు. అర్థం చేసుకోలేదు.

మర్నాడు అతన్ని పిలిపించారు. విషయం చెప్పగానే అతను తల వంచుకుని చాలాసేపు బల్ల అంచు గోకాడు. తర్వాత ఒకే ఒక్క షరతు పెట్టాడు.

"నేను వదిలేశానని రాయకండి మేడం. నా దగ్గర ఆమె కొనుక్కుందని రాయండి."

నేను నవ్వబోయాను. రాజ్యలక్ష్మి గారు నవ్వలేదు. అలాగే రాద్దాం కోటేశ్వరరావు గారూ, వెల కూడా మంచిగా రాద్దాం అన్నారు. షాపు, సరుకు కలిపి యాభై లక్షలకు నాగమణి కొన్నట్టు, ఆ మేరకు డెబ్బై నుంచి తగ్గించుకున్నట్టు రాశారు. ఆమెకు చివరికి మిగిలే డబ్బు ఇరవై. ముందే అందిన ముప్పై అయిదులో పదిహేను ఆమె తిరిగి ఇవ్వాలి. మీరు ఏ ఒప్పందం రాసినా, ఎదుటి మనిషి ఇంటికెళ్లి నలుగురిలో చెప్పుకోవడానికి ఒక వాక్యం మిగల్చండి. అది ఉచితంగా వస్తుంది. దానికోసం మనుషులు లక్షలు వదులుకుంటారు.

ఆవిడ అక్కడితో ఆగలేదు. షాపు ఇస్తున్నాం అంటే ఏమేం ఇస్తున్నట్టు అని వరసగా అడిగారు. స్థలం రిజిస్ట్రేషన్, సరుకు జాబితా, నాగమణి పేరున కొత్త జీఎస్టీ, మెకానిక్కుల దగ్గర రావలసిన బాకీలు ఎవరివి. చివర్లో, షాపు ఫోన్ నంబరు పదిహేను రోజుల్లో ఆమె పేరుకు మార్చాలి అని రాశారు. నా కక్షిదారు నాకు చెప్పిన నంబరు సంగతి, ఎదుటి లాయరుకు గుర్తొచ్చింది. నాకు రాలేదు.

మిగిలింది టైర్ల వ్యాపారి. ఆయన ఇచ్చిన అడ్వాన్సు అయిదు లక్షలు. బేరం తప్పితే ఇంకో అయిదు కలిపి ఇవ్వమంటున్నాడు. అక్కడ మాత్రం నేను పనికొచ్చాను. ఆయన కొట్లో రెండు గంటలు కూర్చున్నాను. స్థలం మీద విడాకుల కేసు నడుస్తోందని, కొన్నాక కోర్టు చుట్టూ తిరగాల్సి రావచ్చని, నాకైతే ఏమీ లేదు కానీ మీరు పెద్దవారు కదా అని చెప్పాను. రెండుసార్లు లేచి చెప్పులు కూడా వేసుకున్నాను. అయిదు కాస్తా రెండుకు దిగింది.

"ఆ రెండూ ఎవరు పెట్టుకుందాం?" అని రాజ్యలక్ష్మి గారిని అడిగాను.

"మా వాడి తొందరకు ఒకటి, మీ తప్పుకు ఒకటి" అన్నారు.

ముప్పావు చేద్దామండీ అన్నాను. అలవాటు. ఆవిడ కళ్లజోడు తీసి తుడవడం మొదలుపెట్టారు. ఒకటి ఇచ్చాను. నాగమణి కట్టిన ఫీజులోంచి అది వెళ్లిపోయింది. వెళ్లిన దానికి బాధ లేదు. ఈ మొత్తం వ్యవహారంలో రాజ్యలక్ష్మి గారి క్లయింటుకు యాభై లక్షల నగదు మిగిలింది, నా క్లయింటుకు అడిగినది దొరికింది, ఇద్దరూ ఆవిడకే నమస్కారం పెట్టారు. అది ఇప్పటికీ మింగుడు పడదు. ఆ రోజుతో ఆవిడ మీద నాకు అసూయ పోయిందని రాస్తే మీరు నమ్మకండి. డైరీలో వెనక పేజీలు రాయడం మాత్రం మానేశాను. డెబ్బై కొట్టేసి అక్కడ ఏం రాయాలో తెలియలేదు. షాపుకు అంకె వేస్తే యాభై. ఆమెకు అది ఎంతో నేను వేయలేను.

రెండో హాజరు

ఆరు నెలలు నిండాక ఇద్దరూ కోర్టు ముందు నిలబడ్డారు. ఎవరి బలవంతమూ లేదు కదా అని జడ్జి గారు అడిగారు. లేదన్నారు. పది నిమిషాల్లో అయిపోయింది. పన్నెండేళ్ల కాపురం ముగించడానికన్నా సరుకు జాబితా చదవడానికే ఎక్కువసేపు పట్టింది.

బయట వరండాలో కోటేశ్వరరావు జేబులోంచి తాళాల గుత్తి తీశాడు. రాజ్యలక్ష్మి గారు చెయ్యి చాపలేదు. నేను చాపబోయి, ఆవిడను చూసి ఆగాను. అతను నేరుగా నాగమణి దగ్గరికి వెళ్లాడు. ఈ కేసు మొదలైనప్పటి నుంచి వాళ్లిద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం నేను వినలేదు.

"పెద్ద తాళం కుడికి తిప్పేటప్పుడు షట్టర్ కొంచెం పైకి ఎత్తి పట్టుకోవాలి" అన్నాడు.

ఏళ్లపాటు పొద్దున్నే ఆ షట్టర్ తెరిచింది ఆమే. ఆ సంగతి అక్కడున్న నలుగురికీ తెలుసు. అతనికీ తెలుసు.

"అలాగేనండి" అంది నాగమణి. తాళాలు తీసుకుంది.